సెమీ క్రిస్మస్ ఘనంగా చేశారు, కాలేజీ మాత్రం కలవలేదా? తేడా ఎక్కడ కొడుతోందో చూడండి

డిసెంబర్ రెండో వారం వచ్చిందంటే నెల్లూరు నుంచి ఒంగోలు దాకా చాలా కాలేజీల గేట్లకు స్టార్ వేలాడుతుంది, నోటీసు బోర్డులో సెమీ క్రిస్మస్ తేదీ కనిపిస్తుంది. 25న ఎలాగూ సెలవు, పిల్లలు ఊళ్లకు పోతారు కాబట్టి కాలేజీలో పండుగ ముందే కానిచ్చేస్తాం. బాగానే ఉంది. కానీ మర్నాడు పొద్దున క్యాంటీన్‌లో చూడండి, సివిల్ వాళ్లు సివిల్ వాళ్లతోనే, డే స్కాలర్లు డే స్కాలర్లతోనే, హాస్టల్ వాళ్లు ఓ మూల. అంత ఖర్చు పెట్టింది దేనికి? మన వైపు కాలేజీల్లో మళ్లీ మళ్లీ కనిపించే తేడాలు, నాకు తెలిసిన మందులు కింద రాస్తున్నా. మీకు వర్తించేది చదువుకోండి, మిగతాది వదిలేయండి.

సమస్య: కేక్ కోయగానే హాలు ఖాళీ

కారణం తెలియాలంటే స్టేజీ మీద కుర్చీలు లెక్కపెట్టండి. ముఖ్య అతిథి, గౌరవ అతిథి, కరస్పాండెంట్ గారు, ప్రిన్సిపాల్ గారు, హెచ్‌ఓడీలందరూ, ఒక్కొక్కరికి శాలువా, ఒక్కొక్కరి ఉపన్యాసం. పిల్లలు కింద కూర్చుని రెండు గంటలు ఫోన్ చూసుకుంటారు. ఆ తర్వాత కేక్ పైన ఉన్నవాళ్లే కోసి, ఫోటో కోసం ఒకరికొకరు తినిపించుకుని, మిగిలింది పేపర్ ప్లేట్లలో కిందికి పంపుతారు, అక్కడ తోపులాట. చూడ్డానికి పిలిస్తే వచ్చారు, చూసి పోయారు, అందులో పిల్లల తప్పేముంది?

పరిష్కారం: పండుగ రోజును కుదించండి, ముందు వారాన్ని పెంచండి. మనుషులు కలిసేది పనిలోనే. స్టార్, యేసు పుట్టిన పశువుల పాక బొమ్మ రెండూ సప్లయర్స్ దగ్గర అద్దెకు తెచ్చే కాలేజీలు నాకు తెలుసు, డబ్బులిచ్చి మరీ అసలు లాభం పోగొట్టుకుంటున్నారు. స్టార్ సంగతే చూడండి. వెదురు బద్దలతో అయిదు కొమ్ముల నక్షత్రాలు రెండు కట్టాలి, రెండింటినీ కొసల దగ్గర బైండింగ్ వైరుతో బిగించాలి, ఆ తర్వాత నడుమ ఒకరు బద్దల్ని ఎడం చేసి పట్టుకుంటే ఇంకొకరు పొట్టి పుల్లలు దూర్చాలి, అప్పుడే దానికి పొట్ట వస్తుంది. ఒక్కడివల్ల కాదు. మైదా జిగురు పల్చగా కాస్తే రంగు కాగితం సాగి జారిపోతుంది, చిక్కగా కాస్తే ఉండలు కడుతుంది, ఈ విషయం మీద ఫస్టియర్ అమ్మాయికీ ఫైనలియర్ అబ్బాయికీ జరిగే వాదన ఏ ఇంటరాక్షన్ సెషన్‌లోనూ జరగదు. లోపల పెట్టేది ఎల్‌ఈడీ బల్బే అయ్యుండాలి, పాత రకం బల్బు వేడికి కాగితం మాడుతుంది.

జట్లు మాత్రం వాళ్లను ఎంచుకోనివ్వొద్దు. ఎంచుకోమంటే మళ్లీ అదే బెంచీ వాళ్లు ఒక జట్టవుతారు. చీటీలు తీయండి, ఎనిమిది పదిమంది జట్టు, ఒకే సెక్షన్ వాళ్లు ఇద్దరికి మించకూడదు, లెక్చరర్ ఒకరు, ఆఫీసు స్టాఫ్‌లో ఒకరు కచ్చితంగా. పాకకు సరుగుడు కర్రలు ఒకరి ఊరి నుంచి, వరిగడ్డి కోవూరు వైపు ఇంకొకరి కళ్లం నుంచి వస్తాయి, తాటాకు ఎవరు తెస్తారో అడగక్కర్లేదు, కొత్తపట్నం వైపు పిల్లోడు చెయ్యెత్తుతాడు. సభ మాత్రం ముప్పావు గంటలో అయిపోవాలి, అతిథి ఒక్కరు, మాట అయిదు నిమిషాలు. కేక్ ఆ ఏడాది రిటైరయ్యే అటెండర్‌తోనో, స్వీపర్ అక్కతోనో కోయించండి. కరస్పాండెంట్ గారు ఏమనుకుంటారోనని టెన్షన్ పడకండి, ముందే చెప్పి ఒప్పిస్తే ఆయనే చప్పట్లు కొడతారు.

సమస్య: "అది వాళ్ల పండుగ" అనే మాట వినిపిస్తోంది

క్రైస్తవ విద్యార్థులే పాడతారు, వాళ్లే నాటిక వేస్తారు, వాళ్లే కుర్చీలు సర్దుతారు, మిగతావాళ్లు అతిథుల్లా వచ్చి పోతారు. ఇంకో అడుగు ముందుకేస్తే, సంక్షేమ హాస్టల్ పిల్లలకు మోత పని, మిగతావాళ్లకు యాంకరింగ్. కులం పేరు ఎవరూ ఎత్తరు గానీ పని పంచిన కాగితం చూస్తే అర్థమైపోతుంది. దీనికి మందు ఆ కాగితంలోనే ఉంది: పాట, యాంకరింగ్, వడ్డన, మోత అన్నీ చీటీల మీదే పడాలి, ఎవరి చీటీ వాళ్లదే. ప్రార్థన, వాక్యం మాత్రం నమ్మకం ఉన్నవాళ్లకే వదలండి, దాన్ని ఇంకొకరి నెత్తిన రుద్దొద్దు.

ఇంకో కారణం, ఈ పండుగకూ తమ ఊరికీ ఉన్న సంబంధం పిల్లలకు తెలియకపోవడం. అమెరికన్ బాప్టిస్టు మిషన్ నెల్లూరులో మొదలైంది 1840లో, మిషనరీ శామ్యూల్ డే హయాంలో. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద అదే మిషన్‌కు చెందిన జూయెట్ దంపతులూ మరికొందరూ కలిసి ప్రార్థన చేశారు, జూయెట్ పేరుతోనే ఒంగోలులో చర్చి ఉంది. 1876-78 కరువులో అదే మిషన్‌కు చెందిన క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని చూపించాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కరువుకూ ఆ అంకెకూ సంబంధం ఏమిటి, నమ్మకం ఎంత, ఆకలి ఎంత, కులం బరువు ఎంత అన్నది చరిత్ర విద్యార్థులు గట్టిగా వాదించుకోవాల్సిన విషయమే. వాదించుకోనివ్వండి. కాలువ, కొండ, నది ఫోటోలు పిల్లలతోనే తీయించి పాక పక్కన ఒక గోడకు పెట్టించండి. నమ్మేవాడైనా నమ్మనివాడైనా "ఇది మా ఊరి కథే గదా" అని ఆగి చదువుతాడు.

రొట్టెల పండుగకు బారా షహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకునే జనంలో హిందువులు ఎంతమందో నెల్లూరు వాళ్లకు ఒకరు చెప్పాలా? అక్కడ ఎవరూ ప్రేక్షకులు కారు, ఒకరు ఇస్తారు, ఒకరు పుచ్చుకుంటారు. క్రిస్మస్‌కూ అలాంటి పనేదో ఒకటి పెట్టండి.

సమస్య: కొందరు ప్లేటు ముట్టుకోకుండా వెళ్లిపోతున్నారు

క్యాలెండర్ చూడకుండా మెనూ రాస్తే ఇంతే. అయ్యప్ప మండల దీక్ష నవంబర్ మధ్యలో మొదలై డిసెంబర్ 26, 27 దాకా నడుస్తుంది, అంటే మీ సెమీ క్రిస్మస్ నాటికి మాలలో ఉన్న స్వాములు క్లాసుకు నలుగురైనా ఉంటారు. గుడ్డు వేసిన కేక్, చికెన్ బిర్యానీ పెట్టి "ఏంది స్వామీ, తినకుండా పోతున్నావు" అంటే ఏం చెప్తాడు పాపం. ఎగ్‌లెస్ కేక్ వేరుగా, వేరే కత్తితో, వేరే టేబుల్ మీద పెట్టండి, పేరు రాసి పెట్టండి. అరిసెలు, కజ్జికాయలు, గుడ్డు వేయకుండా చేసిన గులాబీ పువ్వులు అయితే ఏ గొడవా లేదు, అయినా దీక్షలో ఉన్నవాళ్లు బయట వండినవి తినకపోవచ్చు, అరటిపండు, కమలాపండు ఉంచితే చాలు, బలవంతం చేయొద్దు. శుక్రవారం మధ్యాహ్నం కార్యక్రమం పెట్టి ముస్లిం పిల్లలు రాలేదని అనుకోవద్దు, అది జుమా నమాజు వేళ.

సమస్య: "కాలేజీలో మతమేంటి" అని ఫిర్యాదు

ఫిర్యాదు చేసినవాళ్ల మీద మండిపడే ముందు అటెండెన్స్ తీశారా లేదా చూసుకోండి. గొడవ మొదలయ్యేది చాలాసార్లు అక్కడే. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే విద్యాసంస్థలో మతబోధన ఉండకూడదు. ప్రభుత్వ గుర్తింపో సాయమో పొందే సంస్థల్లో మతబోధనకూ ఆరాధనకూ ఎవరినీ ఇష్టం లేకుండా కూర్చోబెట్టకూడదు, మైనరైతే తల్లిదండ్రుల సమ్మతి కావాలి, ఇంటర్ కాలేజీల వాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. అందుకని సర్కులర్‌లో "ఇష్టమున్నవారు" అనే మాట రాయండి, రానివాళ్లకు లైబ్రరీ తెరిచి ఉంచండి, ప్రసంగానికి వచ్చే పాస్టర్ గారికి ఇది పండుగ శుభాకాంక్షల సభ అని ముందే వివరంగా చెప్పండి. వినాయక చవితికీ ఇఫ్తార్‌కూ ఇదే పద్ధతి పాటిస్తే ఇక మాట అనేవాడుండడు.

సమస్య: చందాల దగ్గర మనస్పర్థలు

తలకింత అని బలవంతపు వసూలు వద్దు. డబ్బాకు కన్నం పెట్టి ఆఫీసు దగ్గర ఉంచండి, ఎవరెంత వేశారో ఎవరికీ తెలియకూడదు, ఖర్చు మాత్రం బిల్లులతో సహా నోటీసు బోర్డులో పెట్టండి. సీక్రెట్ శాంటా (చీటీలో వచ్చినవాళ్లకు పేరు చెప్పకుండా గిఫ్ట్ ఇచ్చే ఆట) ఆడిస్తే 50 రూపాయల పరిమితి పెట్టండి, లేకపోతే ఒకడు బ్లూటూత్ స్పీకర్ ఇస్తాడు, ఇంకొకడు సిగ్గుతో ఆ రోజు కాలేజీకే రాడు. గిఫ్ట్ అందనివాళ్ల కోసం నిర్వాహకుల దగ్గర రెండు మూడు ఎక్స్‌ట్రా ఉండాలి, అందనివాళ్లు ఎప్పుడూ ఉంటారు.

సమస్య: డే స్కాలర్లు సగంలో లేచిపోతున్నారు, లేదా వాన అంతా పాడుచేసింది

రెండూ వేళ చూసుకోకపోవడం వల్లే. దర్శి, కనిగిరి, ఉదయగిరి, ఆత్మకూరు బస్సు పోతే ఆ అమ్మాయి ఇంటికి ఎట్లా పోవాలి? లైట్లు బాగుంటాయని సాయంత్రం పెట్టొద్దు, పదకొండింటికి మొదలుపెట్టి భోజనంతో ముగించండి. లైట్లు హాస్టల్ వాళ్ల కోసం రాత్రి ఎలాగూ వెలుగుతాయి. ఇక వాన: మనకు ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబర్‌లోనూ పడతాయి, 2023లో మిచాంగ్ తుపాను డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటింది, అంతకుముందు నెల్లూరు జిల్లాను ముంచెత్తింది. గ్రౌండ్‌లో షామియానా వేయించే ముందు ఆడిటోరియమో, పెద్ద వరండానో మాట్లాడి పెట్టుకోండి. సెమిస్టర్ పరీక్షల టైమ్ టేబుల్ కూడా చూసుకోండి, ఇది చెప్పాల్సిన మాటేనా అనిపిస్తుంది గానీ చెప్పాల్సి వస్తోంది.

సమస్య: 25న హాస్టల్లో మిగిలిపోయినవాళ్లు

ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లు, ప్రాజెక్టు పని ఉన్నవాళ్లు, ఇంటికి పోవడానికి మనసొప్పనివాళ్లు కూడా కొందరు. మెస్‌లో ఆ రోజు పులిహోర ఒక్కటే చేసి వంటవాళ్లు వెళ్లిపోతారు, వాళ్లకూ పండుగే కదా. వారం ముందే పేర్లు రాసుకుని, ఊళ్లోనే ఉండే లెక్చరర్లనూ డే స్కాలర్లనూ అడగండి, ఒక్కో ఇంటికి ఇద్దరు చొప్పున భోజనానికి. ఒంటరిగా ఎవరినీ పంపొద్దు, ఇద్దరైతే మొహమాటం తగ్గుతుంది. ఆడపిల్లలు వెళ్లే ఇంటి వివరాలు వార్డెన్ మేడం దగ్గర ఉండాలి, తిరిగొచ్చే టైమూ రాయించాలి.

సమస్య: జనవరికల్లా మళ్లీ ఎవరి గుంపు వాళ్లదే

జట్లు క్రిస్మస్‌తో రద్దు కావడమే కారణం. సంక్రాంతి సెలవులకు ముందు ముగ్గుల పోటీ ఎలాగూ పెడతారుగా, అవే జట్లతో పెట్టండి. స్టార్ల కాగితం చింపేసి వెదురు చట్రాలు స్టోర్ రూమ్‌లో అటక మీద పెట్టించండి. ఎవరి దగ్గర గడ్డి తెచ్చారు, మైక్ సెట్‌కు ఎంతయ్యింది, ఎన్ని ఎగ్‌లెస్ ప్లేట్లు చాలలేదు, ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాయించి, దాన్ని ఫైనలియర్ వాళ్ల దగ్గర కాకుండా సెకండియర్ వాళ్ల చేతికి ఇవ్వండి, వచ్చే డిసెంబర్‌కు కాలేజీలో ఉండేది వాళ్లే.