కాల్‌ప్రొటెక్టిన్ మలపరీక్ష: నమూనా ఇచ్చే తీరు, ఫలితం చదివే తీరు

క్రోన్స్ వ్యాధి, అల్సరేటివ్ కొలైటిస్ అనే దీర్ఘకాలిక పేగు వాపు జబ్బులు ఉన్నవారిలో రోగనిరోధక వ్యవస్థ పేగులో ఎప్పుడూ ఉండే బాక్టీరియాపైనే తిరగబడుతుంది. మామూలుగా పేగు లోపలి జిగురుపొర ఆ సూక్ష్మజీవులను గోడకు ఎడంగా ఉంచుతుంది; ఆ పొర దెబ్బతిని అవి గోడను తాకినప్పుడు న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు రక్తంలోంచి అక్కడికి గుంపుగా చేరి, చివరకు మలంలోకి జారిపోతాయి. ఈ కణాల లోపలి ద్రవంలో ఉండే ప్రొటీన్‌లో దాదాపు సగం కాల్‌ప్రొటెక్టినే. బాక్టీరియాకు కావలసిన జింకును, మాంగనీసును చిక్కనివ్వకుండా పట్టుకుని వాటిని పస్తు పెట్టడం దాని పని. మలంలో అది ఎంత ఉందో కొలిస్తే, కొలనోస్కోపీ (మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి పెద్దపేగును చూసే పరీక్ష) లేకుండానే పేగులో వాపు ఎంత ఉందో ఒక అంచనాకు రావచ్చు.

నమూనాకు ఉదయం మొదటిసారి వచ్చిన మలం మేలు. కమోడ్‌లో నీళ్లు తగలకుండా శుభ్రమైన ప్లాస్టిక్ కవరు పరిచి, ల్యాబ్ ఇచ్చిన డబ్బా మూతకు అతికి ఉండే చిన్న చెంచాతో, మూత్రం కలవని చోటు నుంచి తీసుకోవాలి. వెంటనే ఇవ్వడం కుదరకపోతే మన ఎండలకు బయట ఉంచకుండా ఫ్రిజ్‌లో పెట్టాలి. నెలసరి సమయంలోనూ, మొలల నుంచి రక్తం పడుతున్నప్పుడూ పరీక్షను వాయిదా వేసుకోవడం మంచిది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు ఈ అంకెను పెంచుతాయి కాబట్టి, వాటిని వాడుతున్న సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. చాలామంది మరిచిపోయేది ఇదే.

పెద్దవారిలో గ్రాము మలానికి 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే పేగులో వాపు ఉండే అవకాశం తక్కువ. 250 దాటితే వాపు చురుకుగా ఉందని సాధారణంగా భావిస్తారు. ఈ రెంటి మధ్య అంకె వస్తే కంగారు పడకుండా, కొన్ని వారాల తర్వాత మళ్లీ చేయించాలి. కిట్లను బట్టి అంకెలు మారతాయి కనుక ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించుకుంటేనే పోల్చడానికి వీలవుతుంది. జబ్బు చిన్నపేగుకే పరిమితమైనప్పుడు అంకె తక్కువగానే కనిపించవచ్చు, అందుచేత తగ్గిందని సొంతంగా మందులు ఆపకూడదు.

అంకె పెరిగినంత మాత్రాన అది క్రోన్స్ అని తేలినట్టు కాదు. అంటువిరేచనాల్లోనూ, మన దేశంలో క్రోన్స్‌ను అచ్చంగా పోలి ఉండే పేగు క్షయలోనూ అది పెరుగుతుంది. క్షయ దాగి ఉన్నప్పుడు, క్రోన్స్‌కు వాడే రోగనిరోధక శక్తిని అణచే మందులు మొదలుపెడితే అది ముదిరిపోతుంది కాబట్టి, ఆ మందులకు ముందే కొలనోస్కోపీలో తీసిన చిన్న పేగుపొర ముక్కకు క్షయ పరీక్షలు చేశారో లేదో డాక్టరును అడిగి తెలుసుకోవాలి.