వైఫై ఉంది, ఇంటర్నెట్ లేదు: తెగింది ఎక్కడ?

బెంగళూరు మారతహళ్ళిలో మా హాస్టల్ నిండా కడప, అనంతపురం, నెల్లూరు నుంచి ఉద్యోగాల కోసం వచ్చిన పిల్లలే. "అన్నా, వైఫై కలిసింది గానీ ఒక్క పేజీ కూడా తెరుచుకోవడం లేదు" అని నా తలుపు తట్టేసరికి, కొందరు విండోస్ మొత్తం మళ్ళీ ఎక్కించడానికి సిద్ధమై ఉంటారు. దయచేసి ఆ పని చేయవద్దు. దారి ఎక్కడ తెగిందో కంప్యూటర్‌నే అడగవచ్చు.

విండోస్ మీటతో పాటు ఆర్ నొక్కి, వచ్చిన పెట్టెలో సీఎండీ (cmd) అని కొట్టి ఎంటర్ నొక్కండి. నల్ల తెర వస్తుంది. అందులో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టండి. ఆదేశాలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

చిరునామా 169.254తో మొదలైతే

వైఫై శీర్షిక కింద ఐపీవీ4 అడ్రస్ (నెట్‌వర్క్‌లో మీ కంప్యూటర్ చిరునామా) వరుస చూడండి. ఇళ్ళలో, హాస్టళ్ళలో అది ఎక్కువగా 192.168తో మొదలవుతుంది. 169.254 కనిపించిందంటే రౌటర్ నుంచి చిరునామా అందక, కంప్యూటర్ తనకు తానే ఒకటి పెట్టుకుందన్నమాట.

మూడో అంతస్తు తమ్ముడికి ఇదే జరిగింది. పది గంటలకు ఇంటర్వ్యూ, అప్పటికే తొమ్మిదిన్నర దాటింది. ఐపీకాన్ఫిగ్ /రిలీజ్, వెంటనే ఐపీకాన్ఫిగ్ /రెన్యూ కొట్టించాను. (అనుమతి లేదంటే, సీఎండీని అడ్మినిస్ట్రేటర్‌గా తెరవాలి.) మళ్ళీ 169.254 వచ్చింది. నా ఫోనులో వైఫై ఆపి మళ్ళీ ఆన్ చేస్తే అదీ కలవలేదు. లోపం ల్యాప్‌టాప్‌ది కాదని అక్కడే తేలిపోయింది. రౌటర్ పంచగలిగే చిరునామాలకు ఒక పరిమితి ఉంటుంది. గది ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళ ఫోన్ల పేరిట ఉన్నవి కూడా గడువు తీరేదాకా తిరిగి రావు. రౌటర్ ఆపి, ఒక నిమిషం ఆగి వేశాం. 192.168 వచ్చింది. పదికి ఎనిమిది నిమిషాల ముందే తమ్ముడు కెమెరా ముందు కూర్చున్నాడు. ఆ సాయంత్రం యజమానిని అడిగి, రౌటర్ సెట్టింగుల్లో డీహెచ్‌సీపీ లీజు సమయాన్ని (ఒక చిరునామా ఒక ఫోను పేరిట ఉండే గడువును) 24 గంటల నుంచి 2 గంటలకు తగ్గించాం.

ఫోన్లన్నీ పనిచేస్తూ ల్యాప్‌టాప్ ఒక్కటే మొరాయిస్తే, వైఫై సెట్టింగుల్లో ఐపీ అసైన్‌మెంట్ మాన్యువల్‌గా ఉందేమో చూసి ఆటోమేటిక్‌కు మార్చండి.

చిరునామా సరిగానే ఉంటే

పింగ్ (ping) 8.8.8.8 అని కొట్టండి. అవతలి నుంచి జవాబు వస్తుందో లేదో చూసే ఆదేశం పింగ్; 8.8.8.8 గూగుల్ డీఎన్ఎస్ సర్వర్ చిరునామా. జవాబులు వస్తున్నాయంటే దారి తెరిచే ఉంది. ఇప్పుడు అంకెల బదులు ఒక సైటు పేరు ఇవ్వండి. కుడ్ నాట్ ఫైండ్ హోస్ట్ అంటే, పేర్లను అంకెల్లోకి మార్చే డీఎన్ఎస్ దగ్గర చిక్కు. ఐపీకాన్ఫిగ్ /ఫ్లష్‌డీఎన్ఎస్ (ipconfig /flushdns) కొట్టి చూడండి. చాలకపోతే విండోస్ 11 సెట్టింగుల్లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, హార్డ్‌వేర్ ప్రాపర్టీస్ వరకూ వెళ్ళి, డీఎన్ఎస్ సర్వర్ అసైన్‌మెంట్ పక్కన ఎడిట్ నొక్కండి. మాన్యువల్ ఎంచుకుని, ఐపీవీ4 ఆన్ చేసి, మొదటి గడిలో 8.8.8.8, రెండో గడిలో 1.1.1.1 ఇవ్వండి. కంపెనీ ల్యాప్‌టాప్‌లో మాత్రం దీన్ని ముట్టుకోవద్దు. ఆఫీసు లోపలి సైట్ల పేర్లు ఆఫీసు డీఎన్ఎస్‌కే తెలుస్తాయి.

8.8.8.8 కూడా పలకకపోతే, ఐపీకాన్ఫిగ్‌లో డిఫాల్ట్ గేట్‌వేకు ఎదురుగా ఉన్న అంకెలను, అంటే రౌటర్ చిరునామాను, పింగ్ చేయండి. అవి పలికితే మీ గది నుంచి రౌటర్ దాకా అంతా బాగున్నట్టే. కనెక్షన్ ఇచ్చినవారికి ఫోను చేసి ఇదే మాట చెప్పండి.

ప్రతి సైటూ సురక్షితం కాదని బ్రౌజర్ అంటుంటే

ముందు కంప్యూటర్ తేదీ చూడండి. సైట్లు తమ గుర్తింపుగా చూపే సర్టిఫికెట్లకు మొదలు, గడువు తేదీలు ఉంటాయి. కంప్యూటర్ తేదీ ఏళ్ళు వెనక్కి పోతే బ్రౌజర్ వాటిని ఒప్పుకోదు. తేదీ, సమయం సెట్టింగుల్లో తేదీని చేత్తో సరిచేసి, సింక్ నౌ నొక్కండి. పాత డెస్క్‌టాప్‌లో కరెంటు పోయిన ప్రతిసారీ తేదీ చెదిరిపోతుంటే, మదర్‌బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ అయిపోయినట్టే. చాలావాటిలో అది సీఆర్2032, 3 వోల్టులది. బెంగళూరులో ఎస్పీ రోడ్డు దుకాణాల్లో దొరుకుతుంది. కరెంటు తీగ పూర్తిగా పీకి, ప్లస్ గుర్తు పైకి ఉండేలా అమర్చి, తేదీ ఒకసారి సరిచేయండి.