పాకెట్ బైక్ పికప్, స్పీడ్ పెంచుకోవడం ఎలా?

పాకెట్ బైకుల్లో, అంటే చాలా చిన్న సైజు రేసింగ్ బైకుల్లో, ఎక్కువగా ఉండేది 47 లేదా 49 సీసీ టూ స్ట్రోక్ ఇంజన్. ఇంత చిన్న ఇంజన్‌లో ఏ మార్పు చేసినా తేడా వెంటనే తెలుస్తుంది. అందుకే కొత్త పార్టులన్నీ ఒకేసారి బిగించకండి. ఒకటి మార్చి నడిపి చూశాకే ఇంకోదాని జోలికి వెళ్ళండి. రెండు కలిపి మారిస్తే ఏది పని చేసిందో, ఏది చెడగొట్టిందో తేల్చలేం.

మొదట బ్రేకులు చూసుకోవాలి. బ్రేక్ కేబుల్ వదులు తీసి, అరిగిన ప్యాడ్లు మార్చండి. టైర్లలో గాలి, చక్రాల నట్లు సరిచూడండి. ఈ పని అయ్యేదాకా ఇంజన్ ముట్టుకోవద్దనే నా మాట. చాలా దేశాల్లో ఈ బండ్లను రోడ్డు మీదకు తేకూడదు కాబట్టి మూసి ఉన్న ట్రాక్ మీదే, హెల్మెట్, గ్లవ్స్ వేసుకుని నడపండి.

తర్వాత స్ప్రాకెట్, అంటే చైన్ తిరిగే పళ్ళ చక్రం. తక్కువ ఖర్చుతో ఎక్కువ తేడా చూపించేది ఇదే. ముందు 7 పళ్ళు, వెనక 54 ఉన్నాయనుకుందాం. నిష్పత్తి 7.7. ముందుది 6 పళ్ళకు మారిస్తే 9 అవుతుంది. పికప్ బాగా పెరుగుతుంది, టాప్ స్పీడ్ తగ్గుతుంది. ఇదే ఫలితం వెనక చక్రం మార్చి తేవాలంటే ఏకంగా 9 పళ్ళు పెంచాలి. మలుపులు ఎక్కువున్న చిన్న ట్రాక్‌కి పికప్, పొడవైన ట్రాక్‌కి స్పీడ్ ఎంచుకోండి. కొనేముందు చైన్ రకం చూసుకోండి. 25హెచ్ చైన్ పిచ్ (పక్కపక్క పిన్నుల మధ్య దూరం) 6.35 మి.మీ., టీ8ఎఫ్‌ది 8 మి.మీ. ఒకదాని స్ప్రాకెట్ ఇంకోదానికి సరిపోదు.

ఇక ఇంజన్ ఊపిరి సంగతి. పెద్ద ఎయిర్ ఫిల్టర్, 15 మి.మీ. కార్బురేటర్ (గాలి, పెట్రోల్ కలిపే భాగం), ఎక్స్‌పాన్షన్ చాంబర్ (మధ్యలో ఉబ్బి చివర సన్నబడే గొట్టం) ఉన్న సైలెన్సర్ చాలామంది వేసేవే. ఆ చాంబర్‌లోంచి వెనక్కి తిరిగొచ్చే పీడన తరంగం, బయటికి జారిపోబోయే తాజా పెట్రోల్ మిశ్రమాన్ని మళ్ళీ సిలిండర్‌లోకి నెడుతుంది. టూ స్ట్రోక్‌లో దీనివల్ల వచ్చే లాభం చిన్నది కాదు.

అయితే గాలి పెరిగితే పెట్రోల్ కూడా పెరగాలి. ఇక్కడే ఇంజన్లు పాడవుతాయి. టూ స్ట్రోక్‌లో ఆయిల్ పెట్రోల్‌తోనే లోపలికి వెళ్తుంది కదా, పెట్రోల్ తగ్గితే వేడి పెరగడమే కాదు, ఆయిల్ కూడా తగ్గి పిస్టన్ పట్టేస్తుంది. కాబట్టి ముందు పెద్ద మెయిన్ జెట్‌తో (కార్బురేటర్‌లో పెట్రోల్ వచ్చే రంధ్రం ఉన్న చిన్న స్క్రూ) మొదలుపెట్టి, మెల్లగా చిన్నదానికి రండి. ఫుల్ త్రాటిల్‌లో కాసేపు నడిపి, అలాగే స్విచ్ ఆపేసి, చల్లారాక స్పార్క్ ప్లగ్ విప్పండి. లేత గోధుమ రంగులో ఉంటే జెట్ సరిపోయింది. తెల్లగా ఉంటే వెంటనే పెద్ద జెట్ వేయండి. నల్లగా, తడిగా ఉంటే ఒక సైజు తగ్గించండి. కార్బురేటర్ గాస్కెట్ దగ్గర గాలి లీకైనా ప్లగ్ తెల్లబడుతుంది, అదీ చూడండి. మీ ఇంజన్‌కి 25:1 మిశ్రమం చెప్పి ఉంటే లీటర్ పెట్రోల్‌కి 40 మి.లీ. టూ-టీ ఆయిల్ కలపాలి.

క్లచ్ స్ప్రింగులు చివర్లో. గట్టి స్ప్రింగులు వేస్తే ఇంజన్‌కి బలం వచ్చే ఆర్‌పీఎం దగ్గర క్లచ్ పట్టుకుంటుంది. మరీ గట్టివైతే జారుతుంది. క్లచ్ బెల్ (క్లచ్ పట్టుకునే గిన్నె లాంటి భాగం) నీలం రంగుకు తిరిగితే అది వేడెక్కినట్టే, ఒక మెట్టు మెత్తని స్ప్రింగులు వేయండి.