వేడి మీద స్టార్ట్ కాని పాత డీజిల్ బండి: లోపం ఎక్కడుందో తేల్చుకోవడం ఎలా

పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. దూరం నడిపి ఆపి, అరగంటయ్యాక కీ తిప్పితే మాత్రం ఎంతసేపు తిప్పినా అంటుకోదు. చల్లారాక మళ్లీ మామూలే. రోటరీ పంపు (డీజిల్‌ను ప్రెషర్‌తో నాజిళ్లకు పంపేది) ఉన్న పాత డీజిల్ బండ్లలో తరచుగా వచ్చే జబ్బు ఇది. చాలామంది ముందే పంపు విప్పించేస్తారు. నీరసించిన సెల్ఫ్ మోటారు, తుప్పు పట్టిన ఎర్త్ (బ్యాటరీ మైనస్ వైరు), బిగుసుకుపోయిన టాపెట్లు (వాల్వులను తెరిచే భాగాలు) కూడా అచ్చం ఇలాగే ఏడిపిస్తాయి. అందుకే పంపు మీద చెయ్యి వేసేది ఆఖర్న.

పరీక్షలన్నీ బండి మొరాయిస్తున్న ఆ కాసేపట్లోనే జరగాలి. చల్లారాక కొలిస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. మల్టీమీటరు, నాజిల్ (సిలిండర్లోకి డీజిల్ చిమ్మేది) పైపు నట్లకు పట్టే స్పానర్ (ఎక్కువగా 17 లేదా 19), ఫ్యూజు ఉన్న పొడుగు వైరు, పాత గుడ్డలు, నీళ్లు ముందే బండిలో పెట్టుకోండి. ఇంజన్ బాగా వేడెక్కేదాకా నడిపి ఆపి, 20 నుంచి 30 నిమిషాలు వదిలేయండి. గాలి, కూలెంట్ ప్రవాహం ఆగిపోయాక ఇంజన్ వేడి పంపుకీ సెల్ఫ్‌కీ ఎక్కేది అప్పుడే.

ఇప్పుడు 10 సెకన్లకు మించకుండా సెల్ఫ్ కొట్టి, మళ్లీ కొట్టే ముందు ఒక నిమిషం ఆగండి. రెండు విషయాలు గమనించాలి: ఇంజన్ పొద్దున తిరిగినంత చురుగ్గా తిరుగుతోందా, సైలెన్సర్ నుంచి పొగ వస్తోందా.

మెల్లగా తిరిగితే సెల్ఫ్ కొడుతూ బ్యాటరీ టెర్మినళ్ల మీద వోల్టేజీ చూడండి. 9.6 కంటే పడిపోతే బ్యాటరీ బలహీనమైనా అయ్యుండాలి, సెల్ఫ్ కరెంటు ఎక్కువైనా లాగుతుండాలి. తర్వాత సెల్ఫ్ కొడుతూనే బ్యాటరీ ప్లస్ నుంచి సెల్ఫ్ లావు బోల్టు దాకా కొలవండి, 0.5 వోల్టు దాటకూడదు. బ్యాటరీ మైనస్ నుంచి ఇంజన్ బ్లాక్ దాకా 0.3 దాటితే ఎర్త్ విప్పి గీకి బిగించండి. రాగి తీగ నిరోధం డిగ్రీకి దాదాపు 0.4 శాతం పెరుగుతుంది. అంటే 60 డిగ్రీలు వేడెక్కిన సెల్ఫ్ వైండింగులో (లోపలి తీగ చుట్టలో) నిరోధం పావు వంతు ఎక్కువ. దానికి బుష్‌లు కూడా అరిగితే ఆర్మేచర్ (సెల్ఫ్‌లో తిరిగే భాగం) లోపల రాసుకుంటుంది.

ఒక హెచ్చరిక. తోస్తే వెంటనే స్టార్ట్ అయింది కాబట్టి సెల్ఫ్‌దే తప్పు అనుకోవద్దు. వేగంగా తిరిగితే అరిగిన పంపు కూడా ప్రెషర్ ఇవ్వగలదు.

బాగానే తిరుగుతూ పొగ అసలు రాకపోతే డీజిల్ సిలిండర్లోకి చేరట్లేదు. ముందు చూడాల్సింది స్టాప్ సోలినాయిడ్, అంటే కరెంటు అందితే పంపులో డీజిల్ దారి తెరిచే స్విచ్చు. కీ ఆన్ చేస్తే టక్‌మనాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు దాని టెర్మినల్ మీద కనీసం 10 వోల్టులు ఉండాలి. అనుమానం ఉంటే కీ వైరు తీసేసి, ఫ్యూజు వైరుతో బ్యాటరీ ప్లస్ నుంచి నేరుగా ఇచ్చి చూడండి. అంటుకుంటే లోపం కీ వైరింగులో ఉంది.

అప్పటికీ అంటుకోకపోతే ఫిల్టర్ మీది హ్యాండ్ పంపును గట్టిపడేదాకా కొట్టి ప్రయత్నించండి. వెంటనే అందుకుంటే డీజిల్ లైన్లోకి ఎక్కడో ఎయిర్ (గాలి) పడుతోంది. ఫిల్టర్ రబ్బరు రింగు, రాగి వాషర్లు, పాతబడిన గొట్టాలు చూడండి. పంపు ముందు పారదర్శకమైన గొట్టం పెడితే బుడగలు కళ్లకే కనిపిస్తాయి. తర్వాత రెండు నాజిల్ పైపుల నట్లను ఒక్కో చుట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టించండి. చెయ్యి దగ్గర పెట్టొద్దు, కళ్లద్దాలు తప్పనిసరి: ప్రెషర్‌తో వచ్చే డీజిల్ చర్మంలోకి దూసుకెళ్తుంది. గట్టిగా చిమ్మాలి. నురగొస్తే ఎయిర్. నీరసంగా కారితే పంపు మీద అనుమానం బలపడుతుంది.

అప్పుడే తడిగుడ్డ పరీక్ష. నాజిల్ పైపులు బయలుదేరే పంపు తలకు గుడ్డ చుట్టి, మామూలు నీళ్లు 5 నుంచి 10 నిమిషాలు నెమ్మదిగా పోయండి. ఆల్టర్నేటర్, సెల్ఫ్, కనెక్టర్లు తడవకూడదు. ఐసు నీళ్లు కుమ్మరించొద్దు, ఆ తల (హెడ్) ఒక్కసారిగా ముడుచుకుని లోపల తిరిగే రోటర్‌ను పట్టేయొచ్చు. నట్లు బిగించి సెల్ఫ్ కొడితే బండి అందుకుందంటే హెడ్ అండ్ రోటర్ అరిగినట్టే. వాటి మధ్య ఖాళీ కొద్ది మైక్రాన్లే. వేడికి పలచబడిన డీజిల్ అరిగిన చోటు నుంచి వెనక్కి జారిపోతుంది. ఇంజన్ 200 ఆర్‌పీఎం తిరిగితే పంపు తిరిగేది 100. అంత నిదానంలో నాజిల్ తెరుచుకునే 120, 150 బార్ల ప్రెషర్ పుట్టదు. చాలా పంపుల్లో సోలినాయిడ్ కూడా ఆ తల మీదే ఉంటుంది, నీళ్లకు అదీ చల్లబడుతుంది. అందుకే దాని పరీక్ష ముందే అయిపోవాలి. మరోసారి మొరాయించినప్పుడు నీళ్లు పోయకుండా అంతే సేపు ఆగి చూడండి. అప్పుడు అంటుకోకపోతేనే ఈ ఫలితం నమ్మొచ్చు.

ఘాటుగా తెల్లపొగ వస్తుంటే కథ వేరు. డీజిల్ వెళ్తోంది, కానీ మండట్లేదు. సెల్ఫ్ వేగం బాగుంటే టాపెట్ గ్యాపులు చూడండి. వాల్వు సీట్లు అరిగేకొద్దీ గ్యాపు తగ్గి, వేడికి వాల్వు సాగినప్పుడు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ (సిలిండర్లో గాలి నొక్కుడు) పోతుంది. కంప్రెషన్ వేడి మీదే కొలిచి మాన్యువల్‌తో పోల్చండి. వేడి ఇంజన్‌కు హీటర్ ప్లగ్గులు (స్టార్ట్ చేసేటప్పుడు సిలిండర్‌ను వేడిచేసేవి) పది సెకన్లు ఇస్తే స్టార్ట్ అవుతోందంటే కంప్రెషనో టైమింగో (డీజిల్ చిమ్మే సమయం) బలహీనంగా ఉన్నట్టు. హీటర్ ప్లగ్గులున్న ఇంజన్‌లో ఈథర్ స్ప్రే మాత్రం ఎప్పుడూ కొట్టొద్దు, పిస్టన్లు పగులుతాయి.

పంపే అని తేలితే, హెడ్ అండ్ రోటర్‌తో పాటు లోపలి ఫీడ్ బ్లేడ్లు కూడా చూడమనండి. టెస్ట్ బెంచీ మీద 100 ఆర్‌పీఎం దగ్గర డెలివరీ ఎంతొస్తోందో అడిగి తీసుకోండి. ఎక్కువ వేగంలో అరిగిన పంపు కూడా పాసైపోతుంది. బిగించే ముందు ట్యాంకు అడుగున చేరిన నీళ్లు, మడ్డి తీసేసి కొత్త ఫిల్టర్ వేయండి. పాత రోటర్‌ను తినేసింది అవే.