దారిలో సైకిల్ టైరుకి గాలి: ముందు పంపు, తర్వాతే గ్యాస్

దారిలో పంక్చర్ అయితే మినీ పంపుతో పూర్తి గాలి కొట్టేసరికి చేతులు పడిపోతాయి. నేరుగా సీఓ2 కార్ట్రిడ్జ్ (కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ నింపిన చిన్న సీసా) పెడితే, ట్యూబ్ ఎక్కడైనా నలిగి ఉంటే ఉన్న ఒక్క గ్యాసూ పోతుంది. అందుకే రెండూ కలిపి వాడండి.

ట్యూబ్ మార్చాక పంపుతో 20 స్ట్రోకులు కొట్టండి, టైరు ఆకారం నిలబడితే చాలు. చక్రం తిప్పుతూ టైరు అంచుని రెండువైపులా వేళ్లతో పక్కకి లాగి చూడండి. ట్యూబ్ కొంచెం కనిపించినా గాలి తీసి సర్దాలి. వాల్వ్‌ని ఓసారి లోపలికి నొక్కి వదలండి, అక్కడే ట్యూబ్ ఎక్కువగా ఇరుక్కుంటుంది. ప్రెస్టా వాల్వ్ (సన్నగా, పొడుగ్గా ఉండేది) అయితే కొన మీది చిన్న నట్టు వదులు చేసి, ఓసారి నొక్కి, అప్పుడు కార్ట్రిడ్జ్ హెడ్ (కార్ట్రిడ్జ్‌ని వాల్వ్‌కి కలిపే భాగం) పెట్టండి. 700×25 సైజు సన్నటి రోడ్ బైక్ టైరుకి 16 గ్రాముల కార్ట్రిడ్జ్ సరిపోతుంది. వెడల్పాటి ఎంటీబీ (మౌంటెన్ బైక్) టైరుకి 25 గ్రాములది కావాలి. గ్యాస్ వదిలేటప్పుడు కార్ట్రిడ్జ్ మంచులా చల్లబడుతుంది, గుడ్డతో పట్టుకోండి.

సీఓ2 ట్యూబ్‌లోని బ్యూటైల్ రబ్బరులోంచి త్వరగా జారిపోతుంది, మర్నాటికి టైరు మెత్తబడుతుంది. ఇంటికెళ్లాక మొత్తం వదిలేసి మామూలు గాలి నింపండి. లేటెక్స్ సీలెంట్ (చిల్లులు మూసే ద్రవం) పోసిన ట్యూబ్‌లెస్ టైరుకి మాత్రం సీఓ2 వద్దు, సీలెంట్ గడ్డకట్టొచ్చు.