హాల్లో ఒక్కటే టీవీ: తెరమీది కొట్లాటల నుంచి పిల్లలను కాచుకోవడం ఎలా?

కోనసీమలో చాలా ఇళ్లలో టీవీ ఉండేది హాల్లోనే కనుక, నాయనమ్మ చూసే సీరియలూ తాతయ్య చూసే నేరవార్తలూ అన్నం తింటున్న ఐదేళ్ల మనవడి కళ్ల ముందే నడుస్తాయి. అందువల్ల ముందుగా చక్కబెట్టవలసింది పిల్లవాడిని కాదు, భోజనాల వేళను. ఆ అరగంటసేపు టీవీ కట్టేసి, నేరవార్తలను పిల్లలు పడుకున్నాక పెట్టుకోమని పెద్దలను అడగండి. ఈ మాట కోడలి నోటివెంట కంటే కొడుకు నోటివెంట వస్తేనే ఇంట్లో గొడవ ఉండదు.

‘మావాడు చూస్తాడు గానీ ఎవరినీ కొట్టడు’ అనే ధీమా పనికిరాదు. అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండురా 1965లో ప్రచురించిన ప్రయోగంలో, ఒకడు బొమ్మను చితకబాదే చిత్రాన్ని పిల్లలకు చూపించారు. కొట్టినవాడికి శిక్ష పడటం చూసిన పిల్లలు వాడిని తక్కువగా అనుకరించారు. అయితే చేసి చూపితే బహుమతి ఇస్తామనగానే వారూ మిగతావారితో సమానంగా చేసి చూపించారు. నేర్చుకోవడం అప్పటికే అయిపోయిందన్నమాట. అందుకే విలన్ కొట్టే దెబ్బల కంటే, హీరో కొట్టి ఈలలు వేయించుకొనే దెబ్బల మీదే ఎక్కువ కన్నేసి ఉంచమంటాను. కొండమీంచి పడ్డా దులుపుకొని లేచే కార్టూన్ పిల్లిని కూడా ఈ లెక్కలోంచి తీసివేయకండి.

అలాంటి దృశ్యం వచ్చినప్పుడు ఛానల్ మార్చడంతో సరిపెట్టక, పక్కన కూర్చుని ‘నిజంగా అంత దెబ్బ తగిలితే ఏమవుతుంది, వాళ్లమ్మ ఏమనుకుంటుంది?’ అని అడగండి. కొబ్బరిచెట్టు మీంచి పడి నెలల తరబడి మంచాన ఉన్న మనిషిని చూసిన పిల్లలకు జవాబు తేలికగానే దొరుకుతుంది. సంక్రాంతికి పిల్లవాడిని భుజాన ఎక్కించుకొని కోడిపందేల బరి చూపించే తండ్రి మాత్రం ఈ ప్రశ్న అడిగే అర్హత కొంత పోగొట్టుకుంటాడు.

రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు రోజుకు గంటకు మించి తెర ముందు కూర్చోరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం, పదమూడేళ్లు పైబడినవారికని గుర్తుపెట్టిన కార్యక్రమాలకు ఓటీటీలు తాళం సదుపాయం ఇవ్వాలి. దాన్ని వాడుకోండి, కాకపోతే పిల్లలకు తెలిసిన పుట్టిన సంవత్సరాన్ని పిన్‌గా పెట్టకండి.

కొందరు పిల్లలు కొట్టరు, భయపడతారు: చీకటిపడితే పెరట్లోకి వెళ్లరు, నిద్రలో ఉలిక్కిపడతారు. వారిని నవ్వులాటకు ‘పిరికివాడా’ అనకండి. ఆ కార్యక్రమాలు ఆపిన కొన్ని వారాల తరువాత కూడా భయం గానీ, తమ్ముడినీ చెల్లినీ కొట్టడం గానీ తగ్గకపోతే, ఇంట్లోగానీ బడిలోగానీ పిల్లవాడినే ఎవరైనా కొడుతున్నారేమో ముందు ఆరా తీసి, ఆపై పిల్లల వైద్యునికి చూపించండి.