సరిచేసిన లోపమే మళ్లీ మళ్లీ వస్తుంటే

సమస్య: బాగుచేసిన మెషిన్ కొద్ది రోజులకే మళ్లీ ఆగుతోంది

కారణం: కంటికి కనిపించిన లోపాన్ని తీసేసి, దాన్ని పుట్టించిన లోపాన్ని వదిలేయడం. టయోటా ఇంజినీరు తాయిచి ఓనో చెప్పిన ఉదాహరణ ఏ వర్క్‌షాపుకైనా పనికొస్తుంది. మెషిన్ ఎందుకు ఆగింది? లోడు ఎక్కువై ఫ్యూజు పోయింది. లోడు ఎందుకు పెరిగింది? బేరింగుకు నూనె చాలలేదు. ఎందుకు చాలలేదు? పంపు సరిగా తోడడం లేదు. ఎందుకని? పంపు షాఫ్టు అరిగింది. అది ఎందుకు అరిగింది? జల్లెడ లేక లోహపు రజను లోపలికి పోయింది. మొదటి ప్రశ్నతో ఆగినవారు ఫ్యూజు మారుస్తారు. అది మళ్లీ పోతుంది.

పరిష్కారం: ఐదు ప్రశ్నలే వేయాలన్న పట్టుదల వద్దు. మూలం మూడింటికే దొరకవచ్చు, ఏడు పట్టవచ్చు. ప్రతి జవాబునూ మెషిన్ దగ్గర నిలబడి, చూసి రాయండి. ‘ఆపరేటర్ అజాగ్రత్త’ అన్న జవాబు వస్తే మాత్రం అక్కడ ఆగకండి; ఆ పొరపాటుకు ఏ ఏర్పాటు చోటిచ్చిందో అడగండి. మనిషి పేరు రాసి ఫైలు మూసేసే చోట మర్నాటి నుంచి ఎవరూ నిజం చెప్పరు.

సమస్య: సూచనల పెట్టెలో కాగితమే పడటం లేదు

సిబ్బందికి ఆసక్తి లేదని తేల్చేయడం అన్యాయం. చాలాచోట్ల అసలు కారణం, వెనకటి సూచనలకు జవాబే రాకపోవడం. ప్రతి సూచనకూ వారంలోగా బదులివ్వండి. కుదరకపోతే ఎందుకు కుదరదో చెప్పండి. నగదు బహుమతి కన్నా ఈ జవాబుకే విలువ ఎక్కువని నా గట్టి నమ్మకం. ఆ తర్వాత, పని చేసేవారినే కలిపి కూర్చోబెట్టండి. మన దేశంలో క్వాలిటీ సర్కిళ్లు 1980లో హైదరాబాద్ రామచంద్రాపురంలోని బీహెచ్‌ఈఎల్‌లో మొదలయ్యాయి. ఒకే విభాగంలోని కొద్దిమంది ఇష్టపూర్వకంగా, క్రమం తప్పకుండా కలిసి తమ పనిలోని చిక్కులను తామే విప్పుకోవడం వాటి పద్ధతి.

సమస్య: కొత్త పద్ధతి నెల తిరక్కుండానే మూలపడింది

అది ఒక్కరి బుర్రలోనే ఉండిపోయింది. ఆయన షిఫ్టు మారగానే పోయింది. ఒక్క పేజీలో రాసి పనిచేసే చోటే అతికించండి.

సమస్య: ఇంత చేసినా అప్రైజల్‌లో లెక్కకు రాలేదు

‘చాలా మెరుగుపరిచాను’ అంటే పై అధికారికి ఏమీ తెలియదు. మార్పుకు ముందు నెలలో మెషిన్ ఎన్ని గంటలు ఆగింది, తర్వాత ఎన్ని గంటలు ఆగింది అన్నది రాసివ్వండి. సాయపడినవారి పేర్లూ చేర్చండి, అది వారి హక్కు. ముందు కొలత తీసుకోలేదా? పాత షిఫ్టు లాగ్‌బుక్కులు తిరగేయండి, మెషిన్ ఆగిన వేళలు చాలావరకు వాటిలోనే దొరుకుతాయి.